పటం గోడకెక్కింది, పాట ఏమైంది?



బొమ్మల ప్రదర్శన అనంగనే పట్నపోళ్ల ముచ్చట, మనకెందుకు అనుకుంటం. కానీ బొమ్మను, పాటను కలిపి చూపెట్టే ప్రదర్శన మన చేర్యాల పటం. దాన్ని చూడనీకి మనం ఎటూ పోయేటోళ్లం కాదు, అదే మన వాకిట్లకు వచ్చేది.

ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక పూసి ఆరబెడతరు. ఎర్రటి రంగు మీద కథంతా వరుసగా గీస్తరు. పెద్ద పటం 30, 40 అడుగులు కూడా ఉండేది. కాకిపడగలోళ్లు ముదిరాజులకు, కూనపులోళ్లు పద్మశాలీలకు, గౌడజెట్టోళ్లు గౌడులకు, డక్కలోళ్లు మాదిగలకు కథ చెప్పేది. పటం విప్పుకుంట, ఒక్కో బొమ్మ చూపెట్టుకుంట పాడుతుంటే చదువు రానోళ్లకు సుత కథ కండ్ల ముందట నిలబడేది. మన సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) గారు బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు గీసి పేరు తెచ్చుకున్నది ఈ జానపద బొమ్మల ఒరవడితోనే.

ఇప్పుడు పటానికి పేరొచ్చింది, భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటోళ్లు గోడకు తగిలించే చిన్న పటాలు, మాస్కులు అడుగుతున్నరు. గీసేటోళ్లకు అదే బువ్వ, వాళ్లను తప్పు పట్టలేం. మరి పాడేటోళ్లు? వాళ్లను సాదింది పల్లె గింజలు. ఇప్పుడు కోత మిషన్ దిగితే వడ్లు మడిల నుంచి సీదా కొనుగోలు కేంద్రానికే పోతున్నయి. కొలిచి ఇచ్చే కుండెడు గింజలు కూడా ఇంట్ల మిగులుతలేవు. పాట ఆగిపోవుడుల మన లెక్క కూడా ఉన్నది.

కులం కథలు ఇంకెందుకు అని కొందరంటరు. ఆ మాటల నిజం లేకపోలేదు. అందుకే ఒక్క కులం వాకిట్ల కాదు, ఊరి నడుమ, బడి కాడ, అందరూ కూసొని వినేటట్టు చెప్పిద్దాం. పిల్లలు అడిగే ప్రశ్నలు అడగనీ.

యాసంగి కోతలైనంక ఇరవై ఇండ్లు కలిసి తలా ఇంత వేసుకుంటే ఒక రాత్రి కథ అయితది. డీజేకు పెట్టే పైసలల్ల సగం కూడా కాదు. ముందుగాల పిల్లలను తీసుకొని చేర్యాల పోయి రాండ్రి, పటం ఎట్ల గీస్తరో చూపెట్టుండ్రి. గోడకు ఒకటి కొనుక్కుంటే మంచిదే. గానీ పాడేటోళ్లు ఏ ఊర్ల ఉన్నరో కూడా అక్కడ్నే అడిగి రాండ్రి.

మీ ఊరికి పటం కథ చెప్పేటోళ్లు ఇంకా వస్తున్నరా? ఏ కథ విన్నరో రాయుండ్రి. ఈ ఎండాకాలం ఏ ఊర్ల చెప్పిద్దామో అందరం కలిసి అనుకుందాం.