కాయితం ఇల్లు దాటొద్దు, మిషనే ఇంటికి రావాలె

ఏప్రిల్ 14 వెళ్లిపోయిన వారానికి మా జ్యోతినగర్ పక్క వాడల సంఘం కూసున్నది. జయంతి చందాల్లో కొన్ని పైసలు మిగిలాయి. వాటితో ఏం చెయ్యాలన్నది పంచాయితీ. పోరగాళ్లు సౌండు బాక్సు అన్నారు. పెద్దమనుషులు బీరువా అన్నారు. డిగ్రీ చదివే ఆడపిల్ల ఒకామె లేచి "స్కానర్ కొందాం" అన్నది. అందరూ నవ్వారు. "చేతుల ఫోన్ పెట్టుకోని స్కానర్ ఎందుకు బిడ్డా?" అన్నారు. మేము కూడా ముందు నవ్వినవాళ్లమే. అప్పుడా పిల్ల ఒక్కటే మాట అడిగింది: "మీ సందూగల ఏమేం కాయితాలున్నయో మీకు ఎరికేనా?"

ఎవరికీ తెలియదు. సందూగ ఉన్నదని తెలుసు, తాళం అవ్వ కొంగుకు ఉన్నదని తెలుసు. లోపల ఏమున్నదో తెలియదు. ఆ రాత్రి ఇంటికి పోయి మేము మా సందూగ తెరిచాం. లావణి పట్టా నాలుగు మడతల మీద నాలుగు ముక్కలై ఉన్నది. తాత బాయిల పనిచేసిన నాటి గుర్తింపు కార్డు, ప్రావిడెంట్ ఫండు కాయితం, థర్మల్ కోసం భూమి పోయినప్పుడు వచ్చిన నోటీసు, స్టాంపు కాయితం మీద రాసుకున్న పాలుపంపకం. అడుగున చీర చెంగులో చుట్టిన ఒక నలుపు తెలుపు ఫోటో. చెదలు ఒక మూల తిన్నాయి.

ఈ ప్రాంతంలో కాయితం అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పాలె గాని మనకు చెప్పనక్కరలేదు. రామగుండం థర్మల్ కేంద్రానికి 1978లో పునాదిరాయి పడ్డది, 1983లో మొదటి యూనిట్ నడిచింది. బాయిలు అంతకు ముందే వచ్చాయి. భూమి పోయినోడు, బాయిలోకి దిగినోడు ఇద్దరూ కాయితం చూపించే బతకాలి. ఇక మారుపేర్ల కత వేరే చెప్పాలె. ఆ రోజుల్లో పని దొరకడమే గగనం. ఏ పేరు చెబితే తీసుకుంటారో ఆ పేరుతో చేరినవాళ్లు ఎంతమంది! బాయి కాయితంలో పోచయ్య, రేషన్ కార్డులో పోశం, కొడుకు బడి సర్టిఫికెట్‌లో ఇంకో తీరు. తండ్రి ఉద్యోగం బిడ్డకు రావాల్సిన నాడు ఈ మూడు పేర్లు ఒక్క మనిషివేనని నిరూపించాలి. దానికి పాత కాయితం తప్ప సాక్ష్యం లేదు.

మా వాడలోనే ఒక అవ్వకు జరిగింది. మొగడు చనిపోయిన తర్వాత రావాల్సిన పైసల కోసం అసలు కాయితాలు ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చింది. రసీదు అడగలేదు, అడగాలని తెలియదు. ఆరు నెలల తర్వాత పోతే "మాకు ఇయ్యనే లేదు" అన్నారు. జిరాక్స్ ఉన్నదా అంటే ఉన్నది, కాని ముద్ర నల్లటి మచ్చలాగ పడ్డది, నెంబరు కనపడదు. ఆ నెంబరు చదవగలిగితే ఆమె గోస సగం తగ్గేది. ఇది ఒక్క ఇంటి సంగతి అనుకుంటే పొరపాటు. మీ వాడలో లెక్క తీసి చూడండి.

పాత సంగతి కూడా ఒకటి గుర్తు చేసుకోవాలె. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యే దాకా ఊరి భూమి లెక్కలు పట్వారీ ఇంట్లో ఉండేవి. మాలోడైనా మాదిగోడైనా తన పేరు పహాణీలో ఏ గడిలో ఉన్నదో చూడాలంటే ఆ వాకిట్ల చేతులు కట్టుకొని నిలబడాలి. బాబాసాహెబ్ అంతటివాడి రాతలే 1956లో ఆయన పోయినంక ఏండ్లకేండ్లు పెట్టెల్లో తాళాల వెనక ఉన్నాయి. 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం వసంత్ మూన్ సంపాదకత్వంలో సంపుటాలుగా వేస్తేనే లోకం చూసింది. ఆయన కాయితాలకే ఆ గతి పడితే మన సందూగల సంగతి ఎవరికి పట్టింది?

సరే, స్కానరే కొందామంటే ఏ స్కానర్? ఇక్కడ దుకాణపోడు చెప్పిందంతా వినొద్దు.

మొదటి మాట. కాయితాన్ని లోపలికి గుంజుకొని అవతల పారేసే రకం మనకు వద్దే వద్దు. ఆఫీసుల్లో వందల కొత్త కాయితాలకు అది మంచిదే. నాలుగు ముక్కలైన లావణి పట్టాను అందులో పెడితే ఎనిమిది ముక్కలై వస్తుంది. మనకు కావాల్సింది అద్దం మీద కాయితం కదలకుండా పడుకునే రకం, ఫ్లాట్‌బెడ్ అంటారు. అందులో రెండు జాతులున్నాయి. ఒకటి సన్నగా పలకలాగ ఉంటుంది, సిఐఎస్ రకం. చిన్న ఎల్‌ఇడి దీపాలు, వాటి పక్కనే చూసే గీత, అంతా అద్దానికి ఆనుకొని నడుస్తుంది. యుఎస్‌బి వైరు నుంచే కరెంటు తీసుకుంటుంది, వేరే ప్లగ్గు అక్కరలేదు. కానన్ లైడ్ 300, లైడ్ 400, ఎప్సన్ పర్‌ఫెక్షన్ వి39 ఈ జాతివి. బరువు రెండు కిలోల లోపే. రెండోది సిసిడి రకం. అద్దాలు, లెన్సులు ఉంటాయి గనుక మందంగా, బరువుగా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. ఎప్సన్ వి600 లాంటిది ఈ జాతిది.

సన్నరకానికి ఒక లోపం ఉన్నది, దాచిపెట్టడం ఎందుకు. అద్దానికి తగలని చోట బొమ్మ మసకబారుతుంది. ముడతలు లేచిన కాయితం, బుక్కు నడుమ కుట్టు, ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటో దాని వల్ల కావు. ఫిల్ము నెగటివ్‌లు కూడా కావు. ఆ పనులు వి600 లాంటిది చేస్తుంది. కాని మన ఇండ్లల్లో నెగటివ్‌లు ఎన్ని ఉన్నాయి? స్టూడియోవాడి దగ్గరే ఉండిపోయాయి. అందుకే మేము సన్నరకమే కొందామన్నాం. అద్దానికి అతుక్కున్న ఫోటోను మాత్రం గుంజొద్దు, రంగంతా అద్దానికే పోతది. ఫ్రేముతోనే నీడపట్టున పెట్టి ఫోన్‌తో తీసుకోవడమే మేలు.

డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలు రాస్తారు. లైడ్ 300కు 2400 డిపిఐ, లైడ్ 400కు, వి39కు 4800 డిపిఐ. ఆ అంకెలు చూసి పైసలు ఎక్కువ పెట్టకండి. కాయితానికి 300 చాలు. ఫోటోకు 600 పెట్టండి. గుర్తింపు కార్డు మీది స్టాంపు సైజు ఫోటోను పెద్దది చేయాలంటే 1200 పెట్టండి. అంతకు మించి పెడితే పెరిగేది ఫైలు బరువే. ఎ4 కాయితం రంగుల్లో 300 దగ్గర కుదించకుండా 26 ఎంబి అవుతుంది, 600 దగ్గర వంద దాటుతుంది. నాలుగు వందల కాయితాల వాడకు ఈ లెక్క ముఖ్యం.

ఇక ఎవ్వరూ చెప్పని సంగతి: ఈ చిన్న స్కానర్ల అద్దం ఎ4 అంత మాత్రమే. మన స్టాంపు కాయితాలు, రిజిస్ట్రీ దస్తావేజులు దానికంటే పొడుగు. కింద రెండు మూడు అంగుళాలు బయట ఉండిపోతాయి. సంతకాలు, వేలిముద్రలు ఉండేది సరిగ్గా అక్కడనే! కాబట్టి పైభాగం ఒకసారి, కిందిభాగం ఒకసారి, నడుమ నాలుగు వరసలు రెండింట్లోనూ పడేటట్టు తీయాలి. వెనక వైపు మరువొద్దు. స్టాంపు అమ్మినోని పేరు, తారీఖు చాలా కాయితాలకు వెనకనే ఉంటాయి. నలుపు తెలుపు కాయితమైనా రంగుల్లోనే తీయండి. గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరా, ముద్ర ఊదా రంగు జిరాక్స్‌లో కలిసిపోయి నల్లగా అయితాయి, రంగుల్లో విడివిడిగా కనపడతాయి. ఆ అవ్వ కాయితం నెంబరు పోయింది అట్లనే.

ఫోన్ చాలదా అన్నవాళ్లకు జవాబు ఇదే. ఫోన్ పనికిరాదని మేము అనం. ఆఫీసులో ఒక కాయితం చూపిస్తే గబుక్కున తీసుకోవడానికి దానంత మంచిది లేదు. కాని చెయ్యి నీడ, మూల వంకర, ఫోటో మీద మెరుపు తప్పవు. ఎవరింట్లోనైనా స్కానర్ కలిసిన ప్రింటర్ ఉంటే, దాని అద్దం మీద కాయితాలు బాగానే వస్తాయి, ఇంకోటి కొనకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. లామినేషన్ చేయించకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. బ్యాంకు మిషన్లో వచ్చే మెరిసే చీటీలకైతే ఆ వేడికే మొత్తం నల్లబడతది. ఊరికే ఉంచినా ఆ చీటీల అక్షరం ఎగిరిపోతుంది, కాబట్టి ముందు వాటినే స్కాన్ చేయాలి. మనది బొగ్గు దుమ్ము, బూడిద పడే జాగ. ఫోటో మీద మెత్తటి కుంచెతో దులిపి పెట్టండి, లేకుంటే అద్దం గీసుకపోతది. అద్దం మీద నీళ్లు చల్లొద్దు, తడిబట్టతో తుడవండి.

సంఘంలో అసలు గొడవ కొనడం మీద కాదు, ఎక్కడ పెట్టాలన్న దాని మీద వచ్చింది. ఒక పెద్దమనిషి "మా ఇంట్ల పెడుదాం, అందరు కాయితాలు తెచ్చి ఇయ్యిండ్రి" అన్నాడు. ఆయన మంచోడే. అయినా మేము ఒప్పుకోలేదు. పట్వారీ వాకిలి పోయి నాయకుని వాకిలి రావడానికా ఇదంతా? సన్నరకం సంచిలో పడుతుంది, అందుకే దాన్ని ఎంచుకున్నాం. చదువుకున్న పిల్లలు లాప్‌టాప్‌తో సహా ఇంటింటికీ తిరగాలి. ఇంటోళ్ల ముందటనే తీసి, కాయితం మళ్లీ సందూగలో పెట్టించాలి. ఫైళ్లు ఆ ఇంటి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వాళ్లు నమ్మిన చుట్టం ఇంట్లో ఒకటి. సంఘం లాప్‌టాప్‌లో ఉంచాలా వద్దా అన్నది ఆ ఇంటి ఇష్టం, ముఖ్యంగా ఆ ఇంటి ఆడవాళ్ల ఇష్టం. నెట్ సెంటర్లలో మన ఆధార్‌లు, ఫోటోలు ఎవరి కంప్యూటర్లోనో పడి ఉన్నాయి. అదే తప్పు మనం చేయొద్దు.

స్కాన్ తీశామని అసలును పారేయకండి. కోర్టులో అసలుదే ముందు మాట. కంప్యూటర్ నకలును సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అయితే నెంబరు, తారీఖు, ఆఫీసు పేరు స్పష్టంగా ఉంటే, అసలు పోయినా 2005 సమాచార హక్కు చట్టం కింద నకలు అడగడానికి దారి దొరుకుతుంది. ఆ మూడూ లేకపోతే ఏ కాయితం అడుగుతున్నామో కూడా చెప్పలేం.

సౌండు బాక్సు వచ్చే ఏడు కొనుక్కోవచ్చు. పోరగాళ్లు ముఖాలు మాడ్చుకున్నరు గాని, ఇండ్లు తిరగడానికి ముందుగా పేర్లు ఇచ్చింది వాళ్లే.

మా సందూగ అడుగున ఉన్న ఫోటో తాతది. ఆయనకు గుర్తింపు కార్డు మీద ఒకటి, ఇది ఒకటి, రెండు ఫోటోలున్నాయి. అవ్వకు విడిగా ఫోటో లేదు. రేషన్ కార్డు మీద అందరి నడుమ, గోరంత ముఖం. దాన్ని 1200 పెట్టి తీసి లాప్‌టాప్ మీద పెద్దది చేసి చూపిస్తే అవ్వ చాలాసేపు చూసి, "ముక్కుకు పుల్ల ఉండె నాకప్పుడు" అన్నది.