హాస్టళ్లలో అంతస్తుకొక పెద్దదిక్కు అవసరం

ఉద్దానంలో జీడితోట తాకట్టు పెట్టి కొడుకును అమెరికా చదువుకు పంపిన రైతుకు, ఆ కొడుకు అక్కడి హాస్టల్లో రాత్రిపూట వరండాలు తిరిగి తలుపులు చూసే పని చేస్తున్నాడని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లక్షలు పోసి పంపింది కాపలా పనికా అని ఇంటిల్లిపాదీ బాధపడతారు. బంధువుల దగ్గర ఆ మాట ఎత్తరు. పెళ్లి సంబంధాల వాళ్లు అడిగితే యూనివర్శిటీలో ఏదో ఆఫీసు పని అని దాటవేస్తారు. నిజానికి అది దాచుకోవలసిన పని కాదు, నలుగురికీ చెప్పుకోదగిన పని. అలాంటి పని చేసేవాడు ఒకడు లేకనే మన హాస్టళ్లలో పల్లెటూరి పిల్లలు మొదటి ఏడాది నానా అవస్థలూ పడుతున్నారు.

ఆ పనికి అక్కడ రెసిడెంట్ అసిస్టెంట్ అని పేరు. క్లుప్తంగా ఆర్.ఏ. అంటారు. ప్రొఫెసరు దగ్గర పరిశోధనలో సాయపడే ఉద్యోగానికి కూడా ఇవే పొడి అక్షరాలు గనుక, ఫోనులో ఈ మాట విన్న తల్లిదండ్రులు ఒకటి అనుకోవడం, ఉన్నది మరొకటి కావడం కద్దు. ఇక్కడ చెబుతున్నది హాస్టలు పని గురించి.

అమెరికా యూనివర్శిటీ హాస్టల్లో ఒక్కో అంతస్తుకు, లేదా కొన్ని గదుల వరుసకు, ఒక పై తరగతి విద్యార్థి బాధ్యుడుగా ఉంటాడు. అతని కింద పాతికమంది ఉండవచ్చు, యాభైమంది ఉండవచ్చు. అతను కూడా ఆ వరండాలోనే ఒక గదిలో ఉంటాడు. ఈ పనికి దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంటర్వ్యూకు వెళ్లాలి, మార్కులు ఒక మట్టానికి తగ్గకుండా చూసుకోవాలి. ఎంపికైనవారు కాలేజీ తెరవడానికి వారం పది రోజుల ముందే వచ్చి శిక్షణ పొందుతారు. ఇందుకు ప్రతిఫలంగా గది అద్దె ఉండదు. చాలాచోట్ల భోజనం కూడా ఉచితం. కొన్నిచోట్ల పైన కొంత చేతిఖర్చు ఇస్తారు. అక్కడ గది అద్దె, తిండి ఖర్చు ఫీజుతో పోటీ పడుతుంటాయి కాబట్టి ఇది చిన్న సాయం కాదు.

చట్టం సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చదువు వీసా మీద వెళ్లిన విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో యూనివర్శిటీ ఆవరణలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. బయట పని చేయాలంటే విడిగా అనుమతి కావాలి. అనుమతి లేకుండా పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో చేతికి డబ్బు పుచ్చుకుని పని చేసి పట్టుబడితే చదువూ పోతుంది, వీసా పోతుంది. హాస్టలు పని ఆవరణలో పని గనుక ఆ భయం లేదు. అయితే ఈ పోస్టులు ఎక్కువగా డిగ్రీ చదివేవారికే దక్కుతాయి. మన వైపు నుంచి వెళ్లేవారిలో చాలామంది ఎం.ఎస్. విద్యార్థులు. పెద్ద తరగతుల వారి వసతి గృహాల్లో కూడా ఇలాంటి పోస్టులు కొన్ని ఉంటాయి గాని అవి తక్కువ, పోటీ ఎక్కువ.

ఇంతకీ చేసే పని ఏమిటి? కొత్త పిల్లలు దిగిన రోజున తాళాలు ఇవ్వడం, గదిలో మంచం, బల్ల, కిటికీ ఎలా ఉన్నాయో కాగితం మీద రాయించి సంతకం తీసుకోవడం మొదలు. తర్వాత గదిలో ఉండబోయే ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక ఒప్పందం రాయిస్తాడు. రాత్రి దీపం ఎన్ని గంటలకు ఆర్పాలి, స్నేహితులను గదికి ఎప్పుడు తీసుకురావచ్చు, ఊడ్చేది ఎవరు, ఒకరి వస్తువు ఒకరు అడగకుండా వాడవచ్చా లేదా అన్నీ అందులో ఉంటాయి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కాని హాస్టలు గొడవల్లో ముప్పాతిక మువ్వీసం ఇలాంటి సంగతుల దగ్గరే మొదలవుతాయని హాస్టల్లో ఉన్నవారెవరూ కాదనరు. వంతు వచ్చిన రాత్రి అతను డ్యూటీ ఫోను దగ్గర పెట్టుకుని అంతస్తులన్నీ తిరుగుతాడు. గది తాళం లోపల మరిచిపోయి అర్ధరాత్రి తలుపు తట్టేవాడొకడు, పాటలు పెద్దగా పెట్టేవాడొకడు, 21 ఏళ్లు నిండకుండా తాగి పడిపోయినవాడొకడు. మన పిల్లలు ఉమ్మడి వంటగదిలో మిరపకాయల పోపు వేస్తే పొగ గంట మోగి, హాస్టలంతా మంచులోకి వచ్చి నిలబడడం కూడా ఆ రాత్రుల్లో ఒక భాగమే.

ఇదంతా పైకి కనిపించే పని. అసలు పని మరొకటి ఉంది. మూడు రోజులుగా భోజనానికి రాని పిల్ల ఎవరు, ఇంటికి ఫోను చేసి ఏడుస్తున్న కుర్రాడు ఎవరు, తరగతులకు వెళ్లకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నది ఎవరు అని కనిపెట్టడం. కనిపెట్టి తానే వైద్యం చేయబోకుండా, తగినవారి దగ్గరికి తీసుకువెళ్లడం. శిక్షణలో ఎక్కువ భాగం దీని గురించే ఉంటుంది. తాను ఏం చేయగూడదో, ఏ సంగతి దాచకుండా పైవారికి చెప్పి తీరాలో కూడా ముందే నేర్పుతారు.

తలుపులు చూడడం చిన్న పని అనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక యూనివర్శిటీ హాస్టల్లో 19 ఏళ్ల జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన గదిలోనే హత్యకు గురైంది. చంపినవాడు అదే యూనివర్శిటీ విద్యార్థి. వాటంతట అవి మూసుకోవలసిన తలుపులకు ఎవరో అడ్డం పెట్టి తెరిచి ఉంచడంతో అతను లోపలికి రాగలిగాడు. ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. వారి పోరాటం వల్ల 1990లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కాలేజీ ఆవరణలో జరిగే నేరాల లెక్క ఏటా బయటపెట్టాలని అది శాసించింది. తర్వాత ఆ చట్టానికి ఆ అమ్మాయి పేరే పెట్టారు. రాత్రి రెండు గంటలకు ఒక కుర్రాడు వరండా చివరిదాకా నడిచి తలుపు కింద ఇరికించిన అట్టముక్క తీసి పారేయడం వెనుక ఇంత కథ ఉంది.

అక్కడి పద్ధతి అంతా బంగారమని చెప్పడం ఉద్దేశం కాదు. ఇరవయ్యేళ్ల వాడి నెత్తిన అంత భారం పెట్టడం సబబా అనే తగాదా అక్కడే ఉంది. పగలు స్నేహితుడుగా, రాత్రి పోలీసుగా ఉండాలంటే ఎవరికైనా కష్టమే. అతని పేరు చెబితే పక్క గదిలో కబుర్లు ఆగిపోతాయి. ఒక ప్రాణాపాయం కళ్లారా చూసిన మర్నాడు ఉదయం పరీక్ష రాయవలసి రావచ్చు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఉద్యోగం పోతే జీతంతో సరిపోదు, మంచమూ కంచమూ కూడా అదే రోజు పోతాయి. అందువల్లనే 2002లో మసాచుసెట్స్ రాష్ట్ర యూనివర్శిటీ ఆమ్హెర్స్ట్ ఆవరణలో ఈ విద్యార్థులు ఓటింగు పెట్టుకుని సంఘంగా ఏర్పడ్డారు. విచిత్రమేమంటే వారు చేరింది కార్ల కర్మాగారాల కార్మికుల యూనియన్‌లో. 2022లో కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ యూనివర్శిటీ తమ హాస్టలు విద్యార్థుల సంఘాన్ని ఏ తగవూ లేకుండా గుర్తించింది. పని చేసేవాడికి హక్కులు ఉండాలన్న మాట అక్కడ కూడా అడిగితేనే దక్కింది.

ఇక ఇక్కడి సంగతి. శ్రీకాకుళం జిల్లా పిల్లలు ఒకప్పుడు పెద్ద చదువంటే విశాఖపట్నం రైలు ఎక్కవలసిందే. 2008లో ఎచ్చెర్లలో యూనివర్శిటీ వచ్చింది. ఆ మండలంలోనే ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. అందులో పదో తరగతి పాసైన పిల్లలు చేరి ఆరేళ్లు అక్కడే ఉండి చదువుతారు. అంటే పదిహేను, పదహారేళ్లకే ఇల్లు వదిలిపెడతారు. సోంపేట నుంచో, మెళియాపుట్టి నుంచో పెట్టె, పరుపు, అమ్మ కట్టిన జంతికల డబ్బా పట్టుకుని హాస్టలు మెట్లెక్కే పిల్లవాడికి మొదటి రాత్రి ఎవరు దిక్కు?

ఇది ఏ ఒక్క సంస్థకో చెందిన లోపం కాదు, రాష్ట్రమంతటా ఉన్నదే. చాలాచోట్ల వార్డెన్ అంటే పగలు పాఠాలు చెప్పే లెక్చరరు. ఆయన కాపురం వేరేచోట. రాత్రి ఒంటిగంటకు జ్వరం వస్తే తలుపు తట్టవలసింది వాచ్‌మన్‌దే. మెస్ బిల్లు ఎందుకు ఎక్కువ పడింది, ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఇంగ్లీషులో చెప్పిన పాఠం అర్థం కాకపోతే ఎవరిని అడగాలి అన్నవాటికి సమాధానం చెప్పగలిగినవాడు పక్క గదిలో ఉండే సీనియర్ ఒక్కడే. దురదృష్టమేమంటే కొత్త పిల్లవాడు భయపడేది కూడా ఆ సీనియర్‌కే. ఆడపిల్లల హాస్టళ్లలో చీకటి పడగానే గేటుకు తాళం వేసి, భద్రత కల్పించామని అనుకుంటారు. తాళం దొంగను ఆపుతుంది గాని, లోపల కుమిలిపోతున్న పిల్లను పలకరించదు.

చట్టాలు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయిన తర్వాత, అదే ఏడాది యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు చేసింది. హాస్టలుకు పూర్తికాలపు వార్డెన్ ఉండాలని, ఏ వేళనైనా అందుబాటులో ఉండాలని అందులో ఉంది. ఫిర్యాదులకు 1800-180-5522 అనే ఉచిత ఫోను నంబరు వచ్చింది. చాలామంది దృష్టికి రాని మరో నిబంధన కూడా అందులో ఉంది. కొత్త విద్యార్థులు ప్రతి ఆరుగురికి ఒక సీనియర్ విద్యార్థి మార్గదర్శిగా ఉండాలి. అలాంటి ఆరుగురు మార్గదర్శులపైన మరో పై తరగతి విద్యార్థి ఉండాలి. ఈ లెక్కన హాస్టల్లో 60 మంది కొత్తవారుంటే 10 మంది మార్గదర్శులు తిరుగుతూ ఉండాలన్నమాట.

కాగితం మీద అమెరికాకంటే గొప్ప ఏర్పాటే. లోపమల్లా, వారు స్వచ్ఛందంగా చేయాలన్నారు. గది ఇవ్వరు, భోజనం ఇవ్వరు, శిక్షణకు వేళ కేటాయించరు, చేయకపోతే అడిగేవారు లేరు. ఊరికే చేయమన్న పని ఊరికే ఉండిపోవడంలో ఆశ్చర్యం లేదు. నోటీసు బోర్డు మీద పేర్లు అంటించి ఊరుకుంటే, ఆ పేర్ల వారికే తమ ఆరుగురు ఎవరో తెలియని పరిస్థితి వస్తుంది.

సీనియర్ చేతికి అధికారం ఇస్తే దొంగ చేతికి తాళం ఇచ్చినట్లు కాదా అని కొందరు అనవచ్చు. కులం చూస్తారు, పార్టీ చూస్తారు, నాయకుల వెనక తిరిగేవారికే ఆ గది దక్కుతుంది అని కూడా అనవచ్చు. ఈ భయం ఉత్తుత్తిది కాదు. చదువు ముగిసినా ఏళ్ల తరబడి గది వదలని వారిని చూసిన రాష్ట్రం ఇది. అందువల్లనే ఇది ఎన్నికతో ఇచ్చే పదవి కాకూడదు. దరఖాస్తు, ఇంటర్వ్యూ, ఒక ఏడాది గడువు ఉండాలి. శిక్షించే అధికారం అతనికి ఏ మాత్రం ఉండరాదు, చూసింది పైకి చెప్పే బాధ్యతే ఉండాలి. అతని ప్రవర్తన మీద కొత్త పిల్లల అభిప్రాయం పేరు లేకుండా తీసుకోవాలి. మంచివాడు కాడని తేలి తీసేసినా, ఆ ఏడాది ముగిసేవరకు అతను మామూలు విద్యార్థిగా హాస్టల్లో ఉండే హక్కు మాత్రం పోకూడదు. అమెరికా వారి దగ్గర నేర్చుకోవలసినది ఎంతో, నేర్చుకోకూడనిది కూడా అంతే.

డబ్బు మాటకు వస్తే, 200 మంది ఉన్న నాలుగంతస్తుల హాస్టలు తీసుకుందాం. అంతస్తుకొకడు చొప్పున నలుగురు. నెలకు మెస్ బిల్లు 3,000 రూపాయలు అనుకుంటే, పది నెలలకు నలుగురి భోజనం ఖర్చు 1,20,000. తలకు ఏడాదికి 600 రూపాయలు. దీన్ని పిల్లల బిల్లులో కలపకుండా యూనివర్శిటీయే భరించడం న్యాయం. ఆ నలుగురూ సాధారణంగా పేదింటి పిల్లలే అవుతారు. మెస్ బిల్లు కట్టలేక మూడో ఏట చదువు మానేద్దామా అని ఆలోచించే కుర్రాడికి అది తిండి పెట్టే పని అవుతుంది. ఏ పాలకమండలి అయినా ఒక్క హాస్టల్లో, ఒక్క ఏడాది, ముందుగా ఆడపిల్లల హాస్టల్లోనే, దీన్ని పెట్టి చూడవచ్చు.