చేజెర్ల గుడి మొదట ఎవరిది?

ఇటీవల పిస్కాటవేలో ఒక మిత్రుని ఇంట భోజనాలయ్యాక మాట చేజెర్ల కపోతేశ్వరాలయం మీదికి మళ్లింది. అది బౌద్ధుల చైత్యమనీ, తరువాత శైవులు ఆక్రమించారనీ ఒకరు. ఆదినుంచీ శివాలయమేనని మరొకరు. గొంతులు పెరిగాయి. ఇంటికి వచ్చి, 1942లో వెలువడిన పెర్సీ బ్రౌన్ భారతీయ వాస్తు గ్రంథం మళ్లీ తెరిచాను.

మహారాష్ట్రలోని తేర్ త్రివిక్రమాలయాన్నీ, మన పల్నాటి చేజెర్ల గుడినీ ఒకే గాటన కట్టి, రెండూ చైత్యాలుగా పుట్టి హిందూ ఆరాధనలోకి మారినవేనని బ్రౌన్ తేల్చాడు. ఆ నిర్ణయానికి బలమంతా ఆకృతిలోనే ఉన్నది: వెనుక అర్ధవృత్తంగా తిరిగిన ఇటుక గోడ, ఏనుగు వీపు వంటి కప్పు, ముఖభాగాన గుర్రపునాడా ఆకారపు గవాక్షం. కార్లే, అజంతా గుహలు చూసిన కంటికి ఇది బౌద్ధంగా తోచడం సహజం. కానీ ఆకారాన్ని బట్టి మతాన్ని నిర్ణయించడం, దగ్గు వినగానే క్షయ అని రాసేయడం వంటిది. (వృత్తిరీత్యా వచ్చిన పోలిక, మన్నించాలి.) 1973లో ఇంగువ కార్తికేయ శర్మ గుడిమల్లంలో తవ్వినప్పుడు పరశురామేశ్వర లింగం చుట్టూ ప్రాచీనమైన గజపృష్ఠ నిర్మాణమే బయటపడింది. ఆ ఆకృతి ఒక్క మతపు సొత్తు కాదు.

అంతమాత్రాన రెండవ మిత్రుడు గెలిచినట్టూ కాదు. చేజెర్ల అమరావతి, నాగార్జునకొండల నడుమ ఉన్న సీమ. దాని స్థలపురాణం పావురం కోసం తన మాంసాన్ని కోసి ఇచ్చిన శిబిది. మనకది మహాభారత కథ. బౌద్ధులకు బోధిసత్త్వుని పూర్వజన్మ. నాగార్జునకొండ శిల్పాల్లోనూ ఆ రాజు ఉన్నాడు.

ఇంకా చిక్కైన సాక్ష్యం ఆ గుడి శాసనంలో ఉన్నది. అది ఆనందగోత్రపు కందర రాజును పేర్కొంటుంది. ఆ వంశంలోనే అత్తివర్మ గోరంట్ల శాసనంలో శివభక్తుడు. దామోదరవర్మ మట్టెపాడు శాసనంలో సమ్యక్సంబుద్ధుని పాదసేవకుడు. ఆ బౌద్ధ రాజే బ్రాహ్మణులకు భూదానం చేశాడు, తన వంశపు హిరణ్యగర్భ క్రతువును గొప్పగా చెప్పుకున్నాడు. మా భోజనాల బల్ల వద్ద ఆయన ఎటువైపు కూర్చునేవాడో!

గ్రీసులోని పారోస్ దీవిలో నూరు ద్వారాల చర్చి ఒకటి ఉన్నది. దాని అడుగున హెరాక్లీస్ సాహసాలను చూపే మొజాయిక్ దొరికింది. 6వ శతాబ్దిలో జస్టీనియన్ కాలంలో పునర్నిర్మించారు. 1733 భూకంపం తరువాత మరమ్మతు చేసి సున్నం పూశారు. 1959–66 మధ్య ఓర్లాండోస్ పునరుద్ధరణలో ఆ పూత తొలగించి, పాత రాతిని బయటపెట్టారు. చూడటానికి అందంగానే ఉన్నది. అయితే ఒక శతాబ్దిని చూపడానికి మరొక శతాబ్దిని చెరిపారు.

నాకున్న భయం అదే. చేజెర్లలో “అసలు” గుడిని వెదికేవారు, ఏ పక్షం వారైనా, ముందు గీకేది తరువాతివారు పూసిన సున్నాన్నే. నాగార్జునకొండలో ఆరాధన ఆగింది, పునాదులు మిగిలాయి. చేజెర్లలో ఇటుక కప్పు నేటికీ నిలిచి ఉన్నదంటే, వానాకాలం ముందు దానికి పూత వేయడానికి ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కుతూ వచ్చారు.