మోడల్ కరెక్టే, బ్రాకెట్టే తిరగబడింది

ఉద్యోగంలో చేరిన మూడో నెల. మోటారు బిగించే బ్రాకెట్ ఒకటి క్యాడ్‌లో చేశా. స్క్రీన్ మీద అటూ ఇటూ తిప్పి తెగ మురిసిపోయి, డ్రాయింగ్ తీసి బాలానగర్‌లో ఓ చిన్న మెషిన్ షాపుకి పంపా. 20 పీసులు వచ్చాయి. ఇరవైకి ఇరవై అద్దంలో చూసినట్టున్నాయి! కుడివైపు ఉండాల్సిన గాడి ఎడమవైపు ఉంది.

గొడవ పెట్టుకుందామని వెళ్తే అక్కడి పెద్దాయన నా కాయితమే నా ముందు పరిచారు. "తమ్మీ, నువ్వు గీసిందే మేం చేసినం. కుడిపక్కన పెట్టినవంటే ఎడమ నుంచి చూసినట్టే కదా?"

నోరు మూతపడింది. మన దగ్గర నడిచేది ఫస్ట్ యాంగిల్. అందులో ఎడమ నుంచి చూసిన బొమ్మ కుడిపక్కన, పైనుంచి చూసింది కింద వస్తాయి. అమెరికా వాళ్లది థర్డ్ యాంగిల్. కుడి నుంచి చూసింది కుడిపక్కనే, పైది పైనే. నేను వాడిన షీట్ థర్డ్ యాంగిల్‌ది. ఏ పద్ధతో చెప్పడానికి ఓ చిన్న గుర్తు ఉంటుంది, కొన తెగిన శంకువు, పక్కన రెండు వలయాలు. చోటు చాలట్లేదని దాన్ని నేనే డిలీట్ చేశా. చదువుకునేటప్పుడు అదే గుర్తు గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మరి!

నేర్చుకోవాలంటే ఫ్రీక్యాడ్ ఉచితమే. అందులో టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌కి వెళ్లి, పేజీ పెట్టి, మోడల్ సెలెక్ట్ చేసి ప్రొజెక్షన్ గ్రూప్ నొక్కితే వ్యూలు వాటంతటవే వరసలో కూర్చుంటాయి. ఫస్టా, థర్డా అన్నది ఆ బాక్సులోనే ఎంచుకోవచ్చు.

కొలతలే అసలు తలనొప్పి. సాలిడ్‌వర్క్స్‌లో మోడల్ ఐటమ్స్ నొక్కితే స్కెచ్‌లో వేసినవన్నీ వచ్చి పడతాయి. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ స్కెచ్ మనం గీసింది మనకి వీలైన వరసలో. మెషిన్ దగ్గరి మనిషి ముక్కని వైస్‌లో బిగించి, ఒక అంచు పట్టుకుని అక్కణ్ణుంచి కొలుస్తాడు. ఒక్కో రంధ్రాన్ని దాని ముందున్న రంధ్రం నుంచి కొలిచి, ±0.1 మి.మీ. తేడా ఉండొచ్చని రాశారనుకోండి. మొదటిది అంచు నుంచి. ఐదో రంధ్రం దగ్గరికొచ్చేసరికి ఆ తేడా 0.5 దాకా పోగుపడొచ్చు. ఎం8 బోల్టుకి 9 మి.మీ. రంధ్రం పెట్టినా చుట్టూ దొరికే ఖాళీ అరమిల్లీమీటరే. అంతా అక్కడే హరీ! అదే అయిదింటికీ అంచు నుంచే కొలతలిస్తే ఏ రంధ్రానికైనా తేడా 0.1 దాటదు.

ఇంకోటి. ఐసోమెట్రిక్ వ్యూ అందంగా ఉంది కదా అని దాని మీద కొలతలు వేయకండి. 100 మి.మీ. అంచు ఆ కోణంలో సుమారు 81.65గా కనిపిస్తుంది. టెక్‌డ్రాలో గీతని పట్టుకుని కొలిస్తే ఆ అంకే కాగితం మీద పడొచ్చు. నమ్మి కోశారో, ముక్క స్క్రాపే.

ఇప్పుడు ఏ డ్రాయింగైనా ముందు ఆ పెద్దాయనకే వాట్సాప్ చేస్తా. మొన్న రిప్లై వచ్చింది: "గుర్తు ఉన్నది. రంధ్రం లోతు రాయలే."