వీబీఎస్‌లో మైకు పట్టిన పిల్ల గ్రామసభలో ఎందుకు నోరు విప్పలేదు?



మే నెల వచ్చింది. ఏజెన్సీలో ఏ ఊరికి వెళ్లినా వీబీఎస్ బ్యానర్ కనిపిస్తోంది. వెకేషన్ బైబిల్ స్కూల్ అన్నమాట. దానితో పాటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఏటా జరిగే గొడవా మొదలైంది. "మన పిల్లల్ని మార్చేస్తున్నారు, అడ్డుకోవాలి" అని కొందరు. "మా నమ్మకం మా ఇష్టం, మీకేంటి" అని ఇంకొందరు. ఇద్దరికీ చెప్పాల్సిన మాటలున్నాయి నా దగ్గర. ఇద్దరికీ నచ్చకపోవచ్చు. అయినా చివరి దాకా చదవండి.

ముందు నా సంగతి. మా తాత దిసారి. మా ఇంట్లో చర్చి లేదు. అయినా ఐదో తరగతి సెలవుల్లో నేనూ వీబీఎస్‌కి వెళ్లాను. ఎందుకెళ్లానో దాచుకోను: బిస్కెట్ ప్యాకెట్ కోసం, పాటల కోసం. ఆశ్రమ పాఠశాల మూసేశాక మా ఊళ్లో పిల్లలకి పశువులు కాయడం, అమ్మతో అడ్డాకులకి వెళ్లడం తప్ప ఇంకేముంది? అలాంటి చోటికి ఎవరో వచ్చి 10 రోజులు మమ్మల్ని పేరు పెట్టి పిలిచారు, పక్కన కూర్చోబెట్టుకుని రంగులు వేయించారు.

మా చిన్నాన్న కూతురు బడిలో నోరు విప్పేది కాదు. ఇంట్లో కువి మాట్లాడే పిల్ల. తెలుగు తప్పు పలికితే సార్లే నవ్వేవాళ్లు. వీబీఎస్‌లో దానితో కంఠత వాక్యం చెప్పించారు. తప్పు చెప్తే మళ్లీ చెప్పించారు, నవ్వలేదు. ఆఖరి రోజు ఊరంతా చూస్తుండగా మైకు ఇచ్చారు. ఇంటర్‌కి వచ్చేసరికి చిన్నపిల్లల క్లాసు దానికే అప్పజెప్పారు. 40 మంది పిల్లల్ని కూర్చోబెట్టడం, కథ చెప్పడం, హాజరు రాయడం, బిస్కెట్ల లెక్క చూడటం, ఏడ్చేవాణ్ని ఊరుకోబెట్టడం అన్నీ నేర్చుకుంది. నాయకత్వం అంటే ఇదే కదా!

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1890ల్లో అమెరికాలో సెలవుల్లో ఖాళీగా ఉన్న పిల్లల కోసం మొదలైంది. నిరుడు పాట పాడినవాడు ఈ ఏడు పాట నేర్పిస్తాడు, రెండేళ్లకి క్లాసు చూస్తాడు, ఆ తర్వాత యూత్ క్యాంపులో సాక్ష్యం చెప్తాడు. మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్తారు. మన ఉద్యమంలో ఒక్క పిల్లాడికైనా మనం ఇలా మెట్లు కట్టామా?

ఇప్పుడు క్యాంపులు నడిపే అన్నలకి, అక్కలకి.

నేను వెళ్లిన ఆ ఏడే ఒక టీచర్ చెప్పింది, థింసా ఆడితే పాపమని, ఇటుకల పండుగ సైతాను పండుగని. ఇంటికొచ్చి తాత ముందు కూర్చుని "తాతా, నీ దేవుడు దయ్యమంట" అన్నాను. తాత కొట్టలేదు, తిట్టలేదు. అంబలి గిన్నె పక్కన పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ మాట ఇంకా నా గొంతులో ముల్లులా ఉంది. అన్ని క్యాంపుల్లో ఇలాగే చెప్తారని నేననను. కానీ చెప్పేవాళ్లున్నారు. పదేళ్ల పిల్లాడి చేత తాతని అవమానించడం ఏ సువార్త?

రెండో సంగతి ఇంకా పెద్దది. నిరుడు మా కొండ మీద పంప్డ్ స్టోరేజ్ కరెంటు ప్రాజెక్టు గురించి గ్రామసభ పెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలని 1996 పీసా చట్టం చెప్తోంది. 40 మంది పిల్లల్ని నడిపే మా చెల్లి ఆ సభలో వెనకాల గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక్క మాట లేదు. బయటికొచ్చాక అడిగితే, "అవి లోకసంబంధమైన విషయాలు అన్నా, మాకెందుకు" అంది.

ఆ కొండ నీళ్లే కదా చెల్లీ నువ్వు తాగేది!

క్యాంపు టీచర్లారా, మీ పుస్తకంలోనే నాబోతు ఉన్నాడు. ఆహాబు రాజు ద్రాక్షతోట అడిగితే, ఇది మా పితరుల భూమి, ఇవ్వను అన్నాడు. దొంగ సాక్షుల్ని పెట్టి అతన్ని చంపించి తోట లాక్కున్నారు. ఏజెన్సీలో ఆ కథ అర్థం కాని పిల్లలుంటారా? సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు మోషే ముందు నిలబడి తండ్రి భూమిలో వాటా అడిగారు. మన అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటే మూడింట ఒక వంతు మహిళలు ఉండాలని నిబంధన. మా ఊళ్లో వాళ్లు వేలిముద్రకే పనికొస్తున్నారు. దావీదు, గొల్యాతు కథ ఏటా చెప్తున్నారు కదా, ఈ రెండూ ఒక్క వేసవిలో చెప్పండి.

ఇక "అడ్డుకోవాలి, మతం మారినోళ్లని ఎస్టీ జాబితా నుంచి తీసేయాలి" అనే సోదరులకి.

ఎస్సీలకి 1950 ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీల ఉత్తర్వులో లేదు. మన గుర్తింపు మన తెగది. రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు వినిపించిన జైపాల్ సింగ్ ముండా క్రైస్తవుడే. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ కూడా. ఆయన్ని కూడా జాబితా నుంచి తీసేస్తారా? 1/70 చట్టం మన భూమికి కాపలా కాస్తోంది అంటే ఎస్టీ గుర్తింపు మీద నిలబడే. ఊళ్లో సగం మందికి ఆ గుర్తింపు పోతే వాళ్ల భూములు ఎవరి చేతిలోకి వెళ్తాయో ఆలోచించండి. బాక్సైట్ వద్దని మా ఊరు రోడ్డెక్కినప్పుడు చర్చి ఇళ్ల వాళ్లూ వచ్చారు, దిసారి ఇంటి వాళ్లూ వచ్చారు. పిల్లల మీద అంత ప్రేముంటే, గర్భిణిని డోలీలో మోసుకెళ్లే రోజు రండి. భుజం పట్టండి.

ఆఖరికి మనకి. ఆగస్టు 9న ర్యాలీ, డీజే, ఫోటోలు. ఆ తర్వాత? 1940ల్లోనే ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకుల్ని గోండీలో చదువు చెప్పే టీచర్లుగా తయారు చేశారు. హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించిన పని అది. ఇప్పుడు డిగ్రీలు చేతిలో పెట్టుకుని మనం ఐదు రోజుల శిబిరం నడపలేమా?

ఈ సెలవులు అయ్యేలోపే పెడదాం. ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో పీసా, 1/70, అటవీ హక్కులు చెప్దాం. చెట్టూ మందూ పెద్దోళ్లు చెప్తారు, సాయంత్రం థింసా. చర్చికి వెళ్లే పిల్లలూ రావాలి. వాళ్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు.

మా చెల్లిని అడిగాను, పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో మాకు నేర్పించమని. వస్తానంది. "నాబోతు కథ నేను చెప్తా, 1/70 నువ్వు చెప్పు" అంది. గ్రామసభ మళ్లీ పెడతారని అంటున్నారు. ఈసారి మా చెల్లి ముందు వరసలో కూర్చోవాలి. మీ ఊళ్లో అలాంటి చెల్లెళ్లు ఎంతమంది ఉన్నారో ఈ రాత్రే లెక్కపెట్టండి.

జల్, జంగల్, జమీన్ మనవే.
జై ఆదివాసీ!