తల్లిని చూపించని బేరం

నాగాయలంక, బంటుమిల్లి వైపు రొయ్యల రైతు చెరువులో సీడ్ వదిలే ముందు నమూనా పట్టుకెళ్లి పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. ఏ హేచరీ సరుకు, తల్లి రొయ్యలు ఎక్కడివి అని నలుగురిని వాకబు చేస్తాడు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి చెరువులకు చెరువులు ఊడ్చేశాక, అప్పులపాలై నేర్చుకున్న జాగ్రత్త అది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు ప్రభుత్వం కూడా ఆ దారిలోనే నడిచింది. విదేశం నుంచి వచ్చే తల్లి రొయ్య చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే హేచరీ గడప తొక్కాలి. ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. సంక్రాంతి బరికి పుంజును పెంచేవాడిని కదిలిస్తే దాని తాత ముత్తాతల చరిత్ర అంతా చెబుతాడు. జాతి, విత్తనం, తల్లి లక్షణం అనే మాటలు కృష్ణా డెల్టాకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

అదే డెల్టా మనిషి పిల్లలు మారాం చేశారని లాబ్రడార్ కొనాల్సి వస్తే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూస్తాడు. ఫోన్‌పేలో అడ్వాన్సు కొడతాడు. బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరో బస్టాండు బయటో అట్టపెట్టెలో చేతులు మారిన ప్రాణిని బండి మీద పెట్టుకుని ఇంటికి తెస్తాడు. దాని తల్లిని చూడడు. చూపించమని అడగాలన్న ఆలోచన కూడా రాదు.

ఇది తెలియనితనం అనుకోలేం. డబ్బు తిరిగి రావాల్సిన చోట మన కళ్లు బాగా పనిచేస్తాయి. రొయ్య టన్నుల్లో దిగుబడి ఇవ్వాలి, ఎద్దు బండి లాగాలి. కుక్కపిల్ల నుంచి మనం కోరుకునేది కాస్త ముద్దు. ముద్దొచ్చేదాన్ని అటూ ఇటూ తిప్పి పరీక్షించడానికి మొహమాటం అడ్డొస్తుంది. పైగా అమ్మేవాళ్లు మన వీధిలోవాళ్ల చుట్టాలో, ఆఫీసులో ఆయన బావమరిదో అయ్యుంటారు. “ఇంట్లో పుట్టిన పిల్లలేనండీ, మనవాళ్లే” అన్న ఒక్క మాటకు సగం బేరం తెగిపోతుంది. పెరటి పెంపకం అనే ఈ వ్యాపారానికి దుకాణం, బోర్డు, బిల్లు పుస్తకం ఏవీ లేవు. ఉన్న పెట్టుబడల్లా ఆ మాటే.

అమ్మేవాళ్లను రాక్షసుల్లా ఊహించుకుంటే విషయం అర్థం కాదు. గుణదలలోనో కంకిపాడులోనో ఒక మామూలు కుటుంబం రెండేళ్ల కిందట పది వేలు పోసి ఒక ఆడ కుక్కపిల్లను కొనుక్కుంది. అది ఎదకు వచ్చింది. “ఒక్క ఈత తీయిస్తే పెట్టిన డబ్బు వచ్చేస్తుంది కదా” అని ఎవరో సలహా ఇచ్చారు. ఆడకుక్క ఒక్కసారైనా పిల్లలు పెట్టకపోతే జబ్బు చేస్తుందన్న నమ్మకం ఒకటి మన దగ్గర గట్టిగా ఉంది. నిజం ఇందుకు తలకిందులు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకే వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పట్టడం, రొమ్ము గడ్డలు రావడం ఎక్కువ. కానీ ఆ నమ్మకం లాభానికి అనుకూలంగా ఉంది కాబట్టి నిలబడుతుంది. పక్క పేటలో మగకుక్క ఉన్నవాళ్లతో మాట్లాడి క్రాసింగ్ చేయిస్తారు. వాళ్లకు కొంత డబ్బో, ఈతలో ఒక మంచి పిల్లో ఇస్తారు. ఆ మగది ఈ ఆడదానికి తోడబుట్టిందేమో అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. ఒకే ఊళ్లో, ఒకరిద్దరు అమ్మకందారుల దగ్గర కొన్న కుక్కలు మేనరికాల దాకా కూడా పోకుండానే కలిసిపోతుంటాయి.

ఇక లెక్క. లాబ్రడార్ ఒక ఈతకు ఆరేడు పిల్లలు పెడుతుంది. ఆరు బతికి, ఒక్కోటి ఎనిమిది వేలకు పోయిందనుకుందాం, చేతికి నలభై ఎనిమిది వేలు. మొదటి మూడు వారాలూ ఖర్చు తల్లి భరిస్తుంది, పాల రూపంలో. నాలుగో వారం నుంచి పిల్లలు తిండికి వస్తాయి, ఇల్లంతా పాడు చేస్తాయి, నులిపురుగుల మందు పోయాలి. ఆరో వారం నుంచి టీకాలు మొదలవ్వాలి. అంటే నెల తిరిగేసరికి ప్రతి పిల్ల ప్రతి రోజూ లాభంలోంచి కొంత తినడం మొదలుపెడుతుంది. మన దగ్గర అమ్మకాలు నెల, నెలా పదిరోజుల వయసులోనే ఎందుకు ఎక్కువో ఇప్పుడు చెప్పక్కర్లేదు. “చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుందండీ” అన్నది ఆ లెక్కకు తొడిగిన చొక్కా.

ఆ వయసులో విడదీయడం వల్ల పిల్లకు జరిగే నష్టం రెండు రకాలు. ఒకటి నెమ్మదిగా బయటపడుతుంది. కుక్కపిల్ల తోటి పిల్లలతో కొట్లాడుకుంటూ, గట్టిగా కరిస్తే తల్లి చేత గుర్రుమనిపించుకుంటూ, ఎంత కరవాలో ఎక్కడ ఆగాలో నేర్చుకునే కాలం ముఖ్యంగా అయిదో వారం నుంచి ఎనిమిదో వారం. ఆ బడి మాన్పించి తెచ్చుకున్న పిల్ల ఆర్నెల్లకు ఇంట్లో అందరినీ పళ్లతో పలకరిస్తుంది. అప్పుడు గొలుసు వస్తుంది. గొలుసుతో పిచ్చెక్కి ఇంకా మొరుగుతుంది. పక్కింటివాళ్లు గొడవ చేస్తారు. ఏడాది తిరిగేసరికి అది ఏ హైవే పక్కనో దించి వచ్చేయాల్సిన సమస్య అయి కూర్చుంటుంది.

రెండోది వారంలోనే తెలుస్తుంది. దాని పేరు పార్వో. 1978లో ప్రపంచం గుర్తించిన ఈ వైరస్ పిల్ల పేగులను పట్టుకుంటుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు, చికిత్స అందకపోతే చాలావాటికి చావే. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతూ ఉంటుంది, టీకా రక్షణ ఇంకా కుదురుకోదు. మధ్యలో ఉన్న ఆ సందులోనే మనం దాన్ని తల్లి నుంచి లాగి, ఎండలో బండి మీద తిప్పి, కొత్త తిండి పెట్టి, బంధువులందరి చేతుల్లో ఆడిస్తాం. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా మూడు రోజుల నుంచి వారం పడుతుంది. కాబట్టి అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే “మా దగ్గర ఉన్నంతసేపూ చలాకీగానే ఉందండీ” అంటారు. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. పప్పీ పోయాక ఏడుస్తున్న పిల్లాడిని ఊరడించడానికి పది రోజుల్లో ఇంకో పప్పీని తెచ్చే తల్లిదండ్రులున్నారు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. రెండోది కూడా అదే గదిలో, అదే విధంగా పోతుంది. అమ్మినవాళ్లకు మాత్రం రెండు బేరాలు.

జాతుల మోజు సంగతి వేరు. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక పగ్ జాతికి మన ఊళ్లలో ‘హచ్ డాగ్’ అనే పేరు స్థిరపడిపోయింది. నొక్కుకుపోయిన ముక్కుతో మామూలు రోజుల్లోనే ఊపిరికి కష్టపడే ప్రాణి అది. కుక్క ఒంట్లో వేడిని ప్రధానంగా వగర్చడం ద్వారానే దించుకుంటుంది. ముక్కే మూసుకుపోయినదాన్ని మే నెల బెజవాడలో పెంచడం ఏమిటో! ఆ తర్వాత హస్కీ వచ్చింది, మంచులో బండ్లు లాగడానికి రెండు పొరల బొచ్చుతో తయారైన జాతి. నలభై అయిదు డిగ్రీల ఎండలో దానికి ఏసీ గది పెట్టగలిగినవాళ్లు పెడతారు, కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో దానికే తెలియాలి. 2016లో వ్యాపార పెంపకం కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం నిషేధించింది. నిషేధం వచ్చింది గానీ మోజు ఆగలేదు. ఉన్న కొద్దిపాటి వంశాలనే మళ్లీ మళ్లీ కలపడానికి అదొక అవకాశమైంది. 2022లో తెలుగులోనూ వచ్చిన కన్నడ సినిమా ‘777 చార్లి’ దగ్గరి రక్తాల కలయిక వల్ల వచ్చే జబ్బునే కథకు కీలకం చేసుకుంది. హాల్లో అందరం కళ్లు తుడుచుకున్నాం. బయటికొచ్చి లాబ్రడార్ ధర ఎంతో అడిగినవాళ్లూ మనలోనే ఉన్నారు.

ఇంకో రకం కొనుగోలు ఉంది, దాని గురించి వెటకారంగా మాట్లాడలేను. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద ఇళ్లు, అందులో ఇద్దరు వృద్ధులు, పిల్లలు అమెరికాలో. “అమ్మా నాన్నలకు తోడుగా ఉంటుంది” అని కొడుకు అక్కడి నుంచి డబ్బు పంపి ఏ జర్మన్ షెపర్డ్‌నో ఇప్పిస్తాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనుషులకు ముప్పై అయిదు కిలోల బరువు పెరిగే, రోజుకు రెండు పూటలా నడిపించాల్సిన జంతువు తోడు. తుంటి కీలు వదులుగా ఉండే లోపం ఆ జాతిలో వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల ఎక్స్‌రే తీసి చూశాకే కలపాలన్నది బాధ్యత గల పెంపకందారుల కట్టుబాటు. పెరటి ఈతకు ఎక్స్‌రే ఎవరు తీస్తారు? మూడేళ్లకు ఆ ఇంట్లో నడవలేనివాళ్లు ముగ్గురవుతారు.

ఆర్థికశాస్త్రంలో దీనికి పాత పాఠం ఒకటుంది. అమ్మేవాడికి సరుకు లోపం తెలిసి, కొనేవాడికి తెలియని సంతలో మంచి సరుకు నిలవదని 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల ఉదాహరణతో చూపించారు. ఆ పరిశోధనకు 2001లో నోబెల్ వచ్చింది. ఇక్కడ జరిగేది అదే. తల్లికి పరీక్షలు చేయించి, ఏడాదికి ఒక్క ఈతే తీయించి, రెండు నెలలు నిండేదాకా పిల్లలను పోషించేవాడు పాతిక వేలు చెబుతాడు. పక్కవాడు ఎనిమిది వేలకు ఇస్తాడు. రెండు పిల్లలూ ఫొటోలో ఒకేలా ఉంటాయి. మంచివాడు రెండేళ్లు చూసి మానేస్తాడు. తక్కువ ధరకు కొన్నామనుకున్నవాళ్లు మిగతా డబ్బును సెలైన్ల రూపంలో కడతారు.

“సర్టిఫికెట్‌తో అయితే ఒక రేటు, లేకుండా అయితే ఒక రేటు” అనే మాట వినగానే జాగ్రత్తపడాలి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం చెప్పేది వంశం గురించి, ఆరోగ్యం గురించి కాదు. తల్లీదండ్రీ నమోదై ఉంటే పిల్లలను నమోదు చేయించడం పెద్ద ఖర్చు కాదు. కాగితానికి విడిగా వేలు అడుగుతున్నారంటే ఆ కాగితం ఏ కుక్కదో ఆలోచించుకోవాలి.

మరి చట్టం? ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017 మే నెలలో ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. అమ్మకానికి పెంచే ప్రతి ఒక్కరూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాలి, ఎనిమిదేళ్లు దాటకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితం మొత్తంలో అయిదు. దగ్గరి రక్తసంబంధం పనికిరాదు. చదివితే ముచ్చటేస్తుంది. కానీ తనిఖీకి వెళ్లాల్సిన చోటు ఒక ఇంటి పెరడు. తలుపు తట్టేదెవరు? ఒకవేళ తట్టినా, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. పెరుగు ప్యాకెట్ ఖరీదు.

2024 మార్చిలో కేంద్రానికి హఠాత్తుగా మెలకువ వచ్చి, రాట్‌వైలర్, పిట్‌బుల్ సహా 23 జాతులను నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితులెవరినీ సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. నా దృష్టిలో ఆ లేఖ మొదటి అక్షరం నుంచీ తప్పు దారి. జాతుల పేర్లు రాయడం సులువు, వాటిని ఎలా పుట్టిస్తున్నారో చూడడం కష్టం. సులువైన పని చేశారు.

ఇంగ్లండ్ కష్టమైన పనికి సిద్ధపడింది. వేల్స్‌లోని ఒక పప్పీ ఫారం నుంచి 2013లో బయటపడిన, ఈతల మీద ఈతలతో ఒళ్లు చితికిన ఒక ఆడకుక్క పేరు మీద తెచ్చిన ‘లూసీస్ లా’ 2020 ఏప్రిల్ నుంచి అక్కడ అమలులో ఉంది. ఆర్నెల్ల లోపు పిల్లలను దళారులు, దుకాణాలు అమ్మడానికి వీల్లేదు. పెంచినవాడే అమ్మాలి, పుట్టిన చోటే, తల్లి పక్కన ఉండగా చూపించాలి. అక్కడ కూడా అద్దె ఇల్లు, అద్దె తల్లితో మోసాలు జరుగుతున్నాయి నిజమే. అయినా బేరంలో తల్లిని తప్పనిసరి చేయడం మూలానికి తగిలిన దెబ్బ.

మన దగ్గర దీన్ని మొదలుపెట్టడానికి కొత్త చట్టం దాకా ఆగక్కర్లేదు. ఏటా జులై 6న, పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేసిన రోజును పురస్కరించుకుని, పశుసంవర్ధక శాఖ ఉచిత టీకా శిబిరాలు పెడుతుంది. ఊళ్లో పెంపుడు కుక్కలన్నీ వరసలో నిలబడే రోజు అదొక్కటే. ఆపరేషన్ కాని ఆడకుక్కల జాబితా రాసుకోవడానికి అంతకన్నా మంచి రోజు లేదు. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో ప్రైవేటు పశువైద్యులు టీకా పుస్తకంలో మొదటి పేజీ మీద అమ్మినవారి పేరు, నమోదు సంఖ్య, పుట్టిన తేదీ రాయడం అలవాటు చేసుకుంటే, ఏ ఇంటి నుంచి పార్వో పిల్లలు వస్తున్నాయో ఆరు నెలల్లో తేలిపోతుంది. గన్నవరం పశువైద్య కళాశాల కలపబోయే కుక్కలకు తుంటి ఎక్స్‌రే శిబిరం ఏడాదికోసారి పెట్టినా ఇంటి పెంపకందారుల్లో బాగుపడాలనుకునేవాళ్లకు దారి దొరుకుతుంది. బాగుపడాలనుకునేవాళ్లు ఉన్నారు. ఏడాదికి ఒక ఈత మీద వచ్చే కాస్త డబ్బు ఒక ఇల్లాలి చేతి ఖర్చు అయితే దాన్ని నిబంధనలు కూడా కాదనలేదు.

ఒక్క రకం కొనుగోలుదారుకు మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. మురికి గంపలో వణుకుతున్న పిల్లను చూసి “అయ్యో, కనీసం దీన్నైనా కాపాడదాం” అని డబ్బిచ్చి తెచ్చుకునేవారికి. మీ జాలి నిజమైనదే. కానీ గంపలో ఆ ఖాళీ నిండడానికి తల్లికి ఎదకు రాగానే మళ్లీ క్రాసింగ్ చేయిస్తారు. ఆ పిల్లను కాపాడాలనుకుంటే పశువైద్యాధికారికి ఫిర్యాదు చేయండి. డబ్బు మాత్రం ఇవ్వకండి.

కొనకుండా తెచ్చుకోవాలనుకుంటే మీ వీధిలోనే పిల్లలు పెట్టిన కుక్క ఉంటుంది. మన ఎండకు, మన తిండికి తరతరాలుగా అలవాటు పడిన జాతి, పైసా అడగదు. జాతి కుక్కే కావాలంటే కొనండి, తప్పులేదు. అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లండి. నమోదు పత్రం అడగండి, పుట్టిన తేదీ అడగండి, రెండు నెలలు నిండేదాకా పిల్లను అక్కడే ఉంచమనండి. తల్లిని చూపించమనండి. ఊరెళ్లిందనో, కరుస్తుందనో చెప్పి తప్పించారంటే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.