ముందు చల్లబడవలసింది వాహనం

వేసవి ప్రయాణాలకు మన ఇళ్లలో జాగ్రత్తలు తక్కువేమీ కాదు. మజ్జిగ సీసా, సబ్జా గింజల నీరు, తడి తువ్వాలు, జేబులో ఒక ఉల్లిపాయ, అన్నీ సమకూర్చుకుంటాము. అయితే ఈ జాగ్రత్తలన్నీ ప్రయాణం చేసే మనిషి చుట్టూ తిరుగుతాయే గాని, ఆ మనిషి కూర్చోబోయే వాహనం దాకా రావు. గంటల తరబడి ఎండలో నిలిచిన కారు తలుపు తీసి, డెబ్బై ఏళ్ల తల్లిని లోపల కూర్చోబెట్టి, ఆ తరువాత ఏసీ మీట నొక్కుతాము. ఈ వరుస తలక్రిందులుగా ఉన్నదని నా అభిప్రాయం.

గ్రీష్మ ఋతుచర్యను చెప్పేటప్పుడు చరకసంహిత ఆహారపానీయాలతో ఆగలేదు. మధుర, శీత, ద్రవ, స్నిగ్ధ పదార్థాలను సేవించమని, ఉప్పు, పులుపు, కారాలను, వ్యాయామాన్ని మానమని చెబుతూనే, పగటివేళ శీతగృహంలో విశ్రమించమని కూడా విధించింది. అనగా, ఉండే చోటు చల్లగా ఉండడం కూడా ఋతుచర్యలో భాగమే. అందులో తిండికి, తాగుడుకు సంబంధించిన సగాన్ని మన వంటిళ్లు భద్రంగా నిలుపుకున్నాయి. రెండవ సగాన్ని మనం వదిలివేశాము. ప్రయాణం సాగే ఆ రెండు మూడు గంటలూ వాహనమే గృహమని గుర్తించాలి.

ఎండకు తాళలేనివారు అనగానే వృద్ధులే మనసుకు వస్తారు. వయసు పైబడిన కొద్దీ చెమట తగ్గుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. కాని పసిబిడ్డల శరీరం కూడా పెద్దల కంటె త్వరగా వేడెక్కుతుంది. గర్భిణులు, రక్తపోటుకో గుండెజబ్బుకో మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారు కూడా ఈ కోవలోనివారే. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధి ఉన్నవారికి శరీరోష్ణం అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారవచ్చు, కాళ్లలో పట్టు తప్పవచ్చు. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు దీనిని గమనించి వ్రాశాడు. శరీరం చల్లబడితే ఆ లక్షణాలు సాధారణంగా మరల సర్దుకుంటాయి. ఇటువంటివారు "నాకేమీ కాదు, పదండి" అన్నా ఆ మాటను ప్రమాణంగా తీసుకొనరాదు. ఇతరులకు శ్రమ కలిగించడానికి మన పెద్దలు ఎంతగా జంకుతారో మనకు తెలియనిది కాదు.

అద్దాల గుండా వచ్చిన ఎండ లోపలి సీట్లను కాలుస్తుంది. ఆ వేడి బయటికి పోలేదు. బయట 40 డిగ్రీలున్న నాడు ఎండలో నిలిపిన కారు లోపల అరగంటలోనే 50 డిగ్రీలు దాటుతుంది. డ్యాష్‌బోర్డు, సీటుబెల్టు కొక్కెం అంతకంటె ఎక్కువగా కాలుతాయి. అద్దాలు రెండంగుళాలు దించి ఉంచితే చాలునని చాలామంది నమ్మకం. కొలిచి చూసినవారు దానివల్ల పెద్ద తేడా రాదని తేల్చారు.

కనుక మొదటి చికిత్స నీడ. మధ్యాహ్నం పన్నెండింటికి వేపచెట్టు మొదట్లో నీడ చూసి నిలిపిన బండి మూడింటికి ఎండలో ఉంటుంది. సూర్యుడు పడమటికి వాలేకొద్దీ నీడ తూర్పుకు జరుగుతుంది గనుక చెట్టుకు తూర్పువైపున నిలపడం తెలివి. ముందు అద్దంపై, వీలైతే బయటినుంచే, తెల్లని పాత దుప్పటి కప్పాలి. ఎండను అద్దం దాటనీయకపోవడమే మేలు. నల్లని సీట్లకు తెల్లని నూలు గలేబులు తొడిగితే ఖర్చు కొద్ది, ఫలితం ఎక్కువ.

బయలుదేరడానికి పది నిమిషాల ముందు ఇంటివారిలో ఒకరు వెళ్లి తలుపులన్నీ తెరవాలి. ఒకవైపు అద్దం దించి, ఎదుటివైపు తలుపును అయిదారుసార్లు విసనకర్ర వలె ఊపితే కాగిన గాలి బయటికి పోతుంది. పిమ్మట అద్దాలు దించే ఉంచి, ఏసీ వేసి, వీధి చివరిదాకా ఒకసారి నడిపి రావాలి. అప్పుడు అద్దాలు మూసి, లోపలి గాలినే మరల మరల చల్లబరచే మీట వేయాలి. సీటును అరచేతితో తాకి చూసి, ఆ తరువాతే పెద్దవారిని పిలవాలి. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజను నడిపి బండిని చల్లబరచరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఏసీ లేని వాహనమైతే? తడిపిన వట్టివేళ్ల తెర తెలంగాణలోను, రాయలసీమలోను పొడిగాలికి బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలి ఉక్కగా ఉన్న నాడు చెమటే ఆరదు, వట్టివేళ్లు ఎట్లా ఆరుతాయి? 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కిటికీలోనుంచి కొట్టే గాలి శరీరానికి వేడినే చేరుస్తుంది. అప్పుడు మెడపై, చేతులపై తడిగుడ్డ తప్పనిసరి. అటువంటి వేళ ఆటోలో వృద్ధులను తీసుకొనిపోవడం కంటె ప్రయాణాన్ని సాయంకాలానికి వాయిదా వేయడం ఉత్తమం.

"ఏసీ వేస్తే సర్దుగర్మి చేస్తుంది" అని అభ్యంతరపెట్టే పెద్దలున్నారు. వారి మాటను నేను తేలికగా తీసుకోను. ఎండలోనుంచి వచ్చిన మనిషి ముఖానికి సూటిగా చలిగాలి తగలడం ఇబ్బందే. దానికి విరుగుడు గాలిని పక్కకు మళ్లించి, 25, 26 డిగ్రీల వద్ద నిలపడమే గాని, ఏసీ కట్టివేయడం కాదు. ఉల్లిపాయ సంగతి కూడా చెప్పాలి. జేబులో ఉంటే నష్టం లేదు. అది ఉన్నదన్న ధైర్యంతో నీరు తాగడం మానితే నష్టమే. మజ్జిగ మంచిదే. అయితే గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు నీరు, ఉప్పు ఎంత తీసుకోవాలో తమ వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

పెళ్లిమండపాల వద్ద నేను తరచు చూసే దృశ్యం ఒకటి నన్ను బాధిస్తుంది. మెట్లు ఎక్కలేని వృద్ధురాలిని "అయిదు నిమిషాల్లో వస్తాము" అని కారులోనే కూర్చోబెట్టి వెళ్తారు. పసిబిడ్డ నిద్రపోయాడని అట్లాగే వదులుతారు. పెళ్లిలో అయిదు నిమిషాలు ఎప్పుడూ అయిదు నిమిషాలు కావు. ఆగిన బండిలో ఎవరినీ ఒంటరిగా ఉంచరాదు. ఈ విషయంలో మినహాయింపు లేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యిమందికి పైగా మరణించారు. ముహూర్తం మధ్యాహ్నమే అయినా, పెద్దవారిని ఉదయం ఎనిమిది గంటలలోపే మండపానికి చేర్చి, నీడపట్టున పడుకోబెట్టవచ్చు. ఆతిథేయులు ఒక గది కేటాయిస్తే అది పట్టుచీర పెట్టడం కంటె గొప్ప మర్యాద.

ప్రయాణంలో మాట తడబడినా, మనిషి అయోమయంగా చూసినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతున్నది కదా అని ఊరుకోరాదు. బండిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీటితో తడుపుతూ విసరాలి, 108కు కబురు చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయరాదు.

మందుల సంచిని కూడా డ్యాష్‌బోర్డు అరలో వదలకండి. ఆ వేడికి ఇన్సులిన్ చెడిపోతుంది. చూడడానికి మాత్రం ఎప్పటివలెనే ఉండవచ్చు. దానిని పెద్దవారితో పాటే దించి లోపలికి తీసుకొనిపోవాలి.